ఎగుమతి దిగుమతులు పటముపై: పట్టుదారము చెప్పు పాఠము

దేశముల మధ్య జరుగు వర్తకము అర్థశాస్త్ర గ్రంథములలో పట్టికల రూపమున కనబడును. పట్టికను వల్లించుట సులభము. అందలి సంఖ్యలు ఎవరి ఇంటి పొయ్యిని తాకుచున్నవో గ్రహించుట కష్టము. అందుచేత మేము ఒక్క సరకునే తీసికొని, దానిని పటముపైనను, గళ్ల కాగితముపైనను గీయు విధమును వివరింపదలచితిమి. ఆ సరకు పట్టుదారము. పుంగనూరు, పలమనేరు, కుప్పము ప్రాంతముల పల్లెలలో మల్బరీ తోటలు గలవు. మదనపల్లెలో పట్టుగూళ్ల మార్కెట్టు గలదు. ఆ పట్టణమునందలి నీరుగట్టువారిపల్లె పట్టుచీరల నేతకు పేరుపొందినది. కనుక పాఠమునకు దూరము పోనక్కరలేదు.

మొదట ఆసియా పటము తీసికొనుడు. మనకు వచ్చు విదేశీ పట్టుదారములో అధిక భాగము చైనా నుండియే వచ్చుచున్నది. చాలమంది విద్యార్థులు చైనా నుండి హిమాలయముల మీదుగా బాణమును తిన్నగా గీయుదురు. సరకు ఓడలో వచ్చును గదా! బాణము చైనా రేవు నుండి దక్షిణముగా దిగి, మలక్కా జలసంధి దాటి, బంగాళాఖాతమున చెన్నై వైపు తిరుగవలెను. వేయి టన్నులకు రెండు మిల్లీమీటర్ల వెడల్పు చొప్పున గీసినచో 2011-12 నాటి బాణము పదకొండు మిల్లీమీటర్లుండును. 2020-21 నాటిది నాలుగింటికి లోపు. రెంటిని ప్రక్కప్రక్కన గీసి చూడుడు.

ఇక రేఖాచిత్రము. అడ్డగీతపై సంవత్సరములు, నిలువుగీతపై టన్నులు. దిగుమతి 2011-12లో సుమారు 5,700, మరుసటి యేడు సుమారు 5,000, 2013-14లో సుమారు 3,300 టన్నులు. పిమ్మట 2017-18 వరకు 3,200కును 3,800కును నడుమనే తిరిగినది. కరోనా వచ్చిన 2020-21లో సుమారు 1,800కు దిగినది. ఇచ్చట ఒక హెచ్చరిక. నిలువుగీతను సున్న నుండి గాక 3,000 నుండి ప్రారంభించినచో, 2013-14 నాటి బిందువు 2011-12 నాటి ఎత్తులో తొమ్మిదవ వంతుగా కనబడును. నిజమునకు తగ్గినది అయిదింట రెండు వంతులు మాత్రమే. పత్రికలలోని రేఖలను చూచునపుడు మేము మొదట అడుగుగీతనే చూతుము.

రేఖ ఎందుకు వంగినది? 2011 బడ్జెటులో ముడిపట్టుపై దిగుమతి సుంకము నూటికి 30 నుండి 5కు తగ్గెను. 2013లో మరల 15కు పెరిగెను. ఈ తేదీలను రేఖపై ఎఱ్ఱ సిరాతో గుర్తింపుడు. కాని సుంకమొక్కటే కారణమని తొందరపడరాదు. 2013లో రూపాయి విలువ బాగుగా పడిపోయినది. విదేశీ సరకు ఆ మేరకు ప్రియమైనది. అదే కాగితముపై స్వదేశపు ఉత్పత్తిని గూడ గీయుడు: 2011-12లో సుమారు 23,000 టన్నులు, 2022-23లో 36,000 టన్నులకు పైగా.

ఈ రేఖను చదువు కన్నులు రెండు విధములు. కిలో దారమునకు సుమారు ఆరు మొదలు ఎనిమిది కిలోల గూళ్లు కావలెను. అనగా వేయి టన్నుల దారము దిగినచో, ఆరేడు వేల టన్నుల గూళ్లతో అది పోటీకి నిలిచినట్లే. పురుగులను పెంచు రైతు సుంకము పెరుగవలెనని కోరును. నేతగానికి నిడుపు పోగునకు తెగని, సమమైన దారము కావలెను. మన సంకరజాతి గూళ్ల దారము పేకకే అధికముగా వాడబడుచున్నందున, అతడు చైనా దారమును చవుకగా కోరును. ఇరువురును మన ప్రాంతమువారే, ఇరువురి కోరికయు న్యాయమే. మేలైన ద్వితీయ సంతతి గూళ్లను ఇచ్చటనే విరివిగా పెంచుట ఇరువురికిని మేలని మా అభిప్రాయము. 2021లో సుంకము 10 నుండి మరల 15కు పెరిగిన పిమ్మట గూడ ఈ తగవు తీరలేదు.

ఎదురు బాణములును గలవు. మన తోతాపురి మామిడి గుజ్జు చెన్నై రేవు మీదుగా సౌదీ అరేబియా, యెమెన్, నెదర్లాండ్సు దేశములకు పోవుచున్నది. పుంగనూరు పొట్టి ఆవు ఊరు విడువకపోయినను, ఒంగోలు జాతి పశువులు సముద్రము దాటి బ్రెజిలులో నెల్లూరు పేరుననే స్థిరపడినవి.

అభ్యాసము కోరు విద్యార్థులు మదనపల్లె మార్కెట్టులో గూళ్ల ధరను నెలకొకమారు వ్రాసికొని, పండ్రెండు బిందువులను దిగుమతి రేఖ క్రిందనే గీయుదురు గాక.