మెడలో గడ్డ మిగిలింది, ఆపరేషన్ చేయించాలా?

ప్రశ్న: మా నాయనకు 58 ఏళ్లు. నాలుక మొదట్లో క్యాన్సర్ వచ్చి మెడ గ్రంథులకు పాకింది. హైదరాబాద్‌లో ఏడు వారాలు కరెంటు (రేడియేషన్) పెట్టారు, కీమో కూడా ఇచ్చారు. అయిపోయి అయిదు వారాలైంది. గొంతులో పుండు మానిందన్నారు గానీ మెడకు కుడివైపు చిన్న గడ్డ ఇంకా చేతికి తగులుతున్నది. వెంటనే తీయించమని ఒకరు, కత్తి పడితే ముదురుతుందని ఇంకొకరు అంటున్నారు. ఏం చేయాలి?
- ఒక పాఠకుడు, ఇచ్చోడ

జవాబు: ఇప్పుడే ఆపరేషన్‌కు తొందరపడకండి. చేతికి తగిలే గడ్డంతా బతికున్న క్యాన్సర్ కాదు. కణాలు చచ్చిపోయాక కూడా మిగిలిన మచ్చ కరగడానికి నెలలు పడుతుంది. కరెంటు ప్రభావానికి కండ వాచి ఉంటుంది కాబట్టి ఇప్పుడు పెట్ స్కాన్ తీస్తే లేని జబ్బు ఉన్నట్టు కనపడొచ్చు. చివరి కరెంటు రోజు నుంచి లెక్కపెట్టి 12 వారాలకు స్కాన్ తీయించాలి. అంటే మీకు ఇంకో ఏడు వారాలు.

ఒకప్పుడు మెడలో పెద్ద గ్రంథులున్న వాళ్లకు కరెంటు తర్వాత తప్పనిసరిగా మెడ ఆపరేషన్ చేసేవారు. బ్రిటన్‌లో హిషామ్ మెహన్నా బృందం 564 మందిపై చేసిన పరీక్ష ఫలితాలు 2016లో వచ్చాక ఆ పద్ధతి మారింది. సగం మందికి ముందే ఆపరేషన్ అనుకున్నారు, మిగతా సగాన్ని 12 వారాల స్కాన్ చూసి నిర్ణయించారు. రెండేళ్ల తర్వాత బతికున్నవాళ్లు స్కాన్ వర్గంలో 84.9 శాతం, ఆపరేషన్ వర్గంలో 81.5 శాతం. స్కాన్ వర్గంలో 54 మందికే మెడ ఆపరేషన్ జరిగింది. అయితే ఆ పరీక్షలో పాల్గొన్నవాళ్లలో ఎక్కువమందిది హెచ్‌పీవీ వైరస్ వల్ల వచ్చిన, చికిత్సకు బాగా లొంగే జబ్బు. మన దగ్గర తంబాకు, గుట్కా, బీడీలతో వచ్చేది అంత తేలిగ్గా లొంగదు. అందుకే స్కాన్ శుభ్రంగా ఉన్నా మొదటి రెండేళ్లు డాక్టర్ చెప్పిన తేదీలకు వెళ్లడం మానొద్దు. మీ నాయన తంబాకు నములుతుంటే ఈ రోజే మాన్పించండి.

స్కాన్‌లో గడ్డ వెలిగితే మాత్రం ఆలస్యం చేయకూడదు. అనుమానంగా ఉంటే కొన్ని వారాలకు మళ్లీ తీస్తారు, లేదా సూది పరీక్ష చేస్తారు. జబ్బు ఉందని తేలితే ఆపరేషనే మందు. నెలలు గడిచేకొద్దీ కరెంటు తగిలిన మెడ గట్టిపడి, గ్రంథులు తీయడం కష్టమవుతుంది. ఆపరేషన్ గాయం కూడా నిదానంగా మానుతుంది. కత్తి పడితే ముదురుతుందన్న మాట పూర్తిగా తప్పు. దానిని నమ్మి ఆగిపోయి, గడ్డ రక్తనాళానికి అంటుకున్నాక వచ్చేవాళ్లను చూస్తే బాధేస్తుంది.

ఆపరేషన్‌లో భుజం లేపే నరం దెబ్బతినే అవకాశముంది. ఆ నరాన్ని కాపాడగలరా అని సర్జన్‌ను ముందే అడగండి, తర్వాత భుజం వ్యాయామాలు తప్పక చేయించండి. మీ నాయన పత్తి పని చేసేవారైతే ఆ చెయ్యి అవసరం కదా.

పత్తి ఏరుడు అయ్యాక చూద్దామని స్కాన్ వాయిదా వేయకండి. ఆరోగ్యశ్రీలో ఏది వర్తిస్తుందో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. ఈలోగా గడ్డ పెరిగినా, నోట్లో రక్తం పడినా, మింగడం మళ్లీ కష్టమైనా 12 వారాల దాకా ఆగకండి, కరెంటు పెట్టిన ఆస్పత్రికే వెంటనే వెళ్లండి. రాత్రిపూట రక్తం ఆగకుండా కారితే 108కు ఫోన్ చేసి మొదట ఆదిలాబాద్ రిమ్స్‌కు చేరండి.