మనోగాయమునకు చికిత్స

శరీరమునకు తగిలిన గాయము కంటికి కనబడును. మనస్సునకు తగిలిన గాయము కనబడదు గనుక బంధువులు “జరిగినది మరచిపొమ్ము” అని సులభముగా పలుకుదురు. ఆ గాయము మరపునకు లొంగదు. కలలలో, ఉలికిపాటులలో మరల మరల వచ్చుచునే యుండును.

భారతమున వ్యాసమహర్షి ఇట్టి తొందర చూపలేదు. స్త్రీపర్వమున గాంధారీదేవి దివ్యదృష్టితో రణభూమిని చూచి, పడియున్న కుమారులను, బంధువులను పేర్కొనుచు విలపించెను. శ్రీకృష్ణుడు ఆ విలాపమును మధ్యలో వారింపక వినెను. ఆమె తుదకు శపించినపుడును చిరునవ్వుతోనే బదులు పలికెను. దహనసంస్కారములు, గంగలో జలతర్పణములు ఆ పిమ్మటనే జరిగినవి. జయించిన ధర్మరాజు సైతము వెంటనే పురప్రవేశము చేయక గంగాతీరమున ఒక మాసము గడపెను.

అమెరికా దేశపు మనోవైద్యురాలు జూడిత్ హెర్మన్ 1992లో వెలువరించిన గ్రంథమున స్వస్థతకు మూడు దశలు చెప్పినది: మొదట అభయము, పిదప స్మరణతో కూడిన శోకము, ఆపైన లోకముతో తిరిగి సంబంధము. ఇందు మొదటిదే ముఖ్యము. నిద్ర, ఆహారము, నిర్భయమైన చోటు లేనివానిని కథ చెప్పుమనుట క్రౌర్యము. ఆపద జరిగిన వెంటనే అందరిచేతను ఒకే కూర్పున చెప్పించుట మేలు చేయదని పరిశోధనలు తేల్చినవి. శిక్షణ పొందిన చికిత్సకుని యెదుట, రోగి ఓర్వగలిగినంత మేరకు, కొద్దికొద్దిగా ఆ స్మృతిని తాకుట వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో ఇట్టి చికిత్సలనే సూచించినది.

పురాణశ్రవణము ఊరట నిచ్చును గాని చికిత్సకు బదులు కాదు. ఇంటివారు ప్రక్కన కూర్చుండవలెను, గ్రుచ్చి గ్రుచ్చి అడుగరాదు. నెల గడచినను ఉలికిపాటు, నిద్రలేమి తగ్గనిచో మనోవైద్యునికి చూపవలెను. ప్రాణముపై విరక్తి మాటలు వినబడినచో ఒక్క దినమైనను ఆగరాదు.