పిల్ల రంగు గుడ్డులోనే తెలుస్తుంది

సంక్రాంతి వెళ్లిందంటే పల్లెల్లో పొదుగులు జోరందుకుంటాయి. ఎండలు ముదిరేలోగా పిల్లలు లేచి ఈకలు తొడుక్కుంటే సగం గండాలు గడిచినట్టే. పెరటి కోళ్ల రైతును ఓ చిక్కు పట్టుకునేది కూడా ఈ రోజుల్లోనే. ఎర్ర పుంజుకు ఎర్ర పెట్టను జత చేసి పన్నెండు గుడ్లు పొదగేస్తాడు. నూగు రాలి ఈకలొచ్చేసరికి పదకొండు ఎర్రగానే ఉంటాయి, ఒకటి మాత్రం తెల్లగా తేలుతుంది. పక్కింటి పుంజు దొడ్లోకి దూరిందని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు. అది నిజం కావచ్చు. కానీ ఆ తెలుపు సొంత పుంజు, సొంత పెట్ట ఇచ్చిందే అయ్యే అవకాశమూ ఉంది.

ఈకల రంగును నిర్ణయించే చాలా జన్యువులు కోడిలో రెండేసి ప్రతులుగా ఉంటాయి. ఒకటి తండ్రి ఇచ్చింది, ఒకటి తల్లి ఇచ్చింది. తెలుపులో ఒక రకం అంతర్గత లక్షణం. రెండు ప్రతులూ అదే అయితేనే ఈక తెల్లబడుతుంది. ఒక్కటే ఉంటే కోడి ఎర్రగానో నల్లగానో కనబడుతూ తెలుపును లోపల దాచుకుంటుంది. అలా దాచుకున్న పుంజూ పెట్టా జత కలిస్తే నాలుగింట ఒక పిల్ల తెల్లగా పుడుతుంది. తెల్ల లెగ్‌హార్న్ తెలుపు దారి వేరు. అది బహిర్గత లక్షణం. ఒక్క ప్రతి ఉన్నా నలుపును అణిచేస్తుంది. అందుకే లెగ్‌హార్న్ పుంజును నల్ల పెట్ట మీద వేస్తే పిల్లలు దాదాపు తెల్లగానే వస్తాయి, అక్కడక్కడా నల్ల చుక్కలుంటాయి. చూడ్డానికి రెండు తెలుపులూ ఒక్కటే. సంతానంలో వాటి ప్రవర్తన మాత్రం పూర్తిగా వేరు.

పుంజు తెలుపును దాచుకుందా లేదా అన్నది పరీక్షించి తేల్చుకోవచ్చు. దాన్ని అంతర్గత తెలుపున్న పెట్టతో కలిపి పది పిల్లల్ని తీయాలి. ఒక్క తెల్ల పిల్ల వచ్చినా పుంజు గుట్టు బయటపడినట్టే. దాచుకున్న పుంజుకు వరసగా పదీ రంగు పిల్లలే పుట్టే అవకాశం 1024లో ఒకటి. కాబట్టి పదీ రంగువే అయితే ఆ పుంజును నమ్మొచ్చు. ఈ పరీక్షకు లెగ్‌హార్న్ పెట్ట పనికిరాదు. దాని తెలుపు పుంజుతో సంబంధం లేకుండా పిల్లలకు దిగిపోతుంది.

కోళ్లలో మెండెల్ సూత్రాలు పనిచేస్తాయని కేంబ్రిడ్జిలో విలియం బేట్సన్ 1902లోనే చూపించాడు. ఆయన తోటి శాస్త్రవేత్త రెజినాల్డ్ పన్నెట్ 1923లో కోళ్ల వారసత్వం మీద ఒక పుస్తకమే రాశాడు. ఇంటర్ పిల్లలు బయాలజీలో గీసే పన్నెట్ గళ్ల పట్టిక ఈయన పేరు మీదిదే. అదే పట్టికను రైతు తన పుస్తకంలో గీసుకుంటే దొడ్లో ఏ రంగు పిల్లలు ఏ పాళ్లలో వస్తాయో ముందే అంచనా వేసుకోవచ్చు.

రైతుకు నేరుగా డబ్బు మిగిల్చే సంగతి ఇంకొకటుంది. మనుషుల్లో బిడ్డ ఆడో మగో తండ్రి ఇచ్చే క్రోమోజోము తేలుస్తుంది. కోళ్లలో ఆ పని తల్లిది. పుంజుకు రెండు జెడ్ క్రోమోజోములు ఉంటాయి. పెట్టకు ఒక జెడ్, ఒక డబ్ల్యూ ఉంటాయి. పెట్ట తన జెడ్‌ను కొడుకులకే ఇస్తుంది, కూతుళ్లకు ఇవ్వదు. కొన్ని రంగు జన్యువులు ఈ జెడ్ మీదే కూర్చున్నాయి. కాబట్టి ఆ రంగుల విషయంలో తల్లిది బహిర్గత లక్షణం, తండ్రిది అంతర్గత లక్షణం అయితే తల్లి పోలిక కొడుకులకు, తండ్రి పోలిక కూతుళ్లకు వస్తుంది.

చారల ప్లిమత్ రాక్ పెట్టను తీసుకుందాం. దాని చారల జన్యువు జెడ్ మీద ఉంది, అదీ బహిర్గతం. ఈ పెట్ట మీదకు చారలు లేని నల్ల పుంజునో రోడ్ ఐలండ్ రెడ్ పుంజునో వదిలితే గుడ్డు పగిలిన రోజే పిల్లల లింగం చెప్పొచ్చు. పిల్లలన్నీ నల్ల నూగుతోనే దిగుతాయి. నూగు ఆరాక పిల్లను అరచేతిలో పెట్టుకుని నడినెత్తి చూడాలి. అక్కడ తెల్లటి మచ్చ ఉంటే పుంజు పిల్ల. పెద్దయ్యాక దానికి చారలొస్తాయి. నెత్తి నల్లగా ఉంటే పెట్ట పిల్ల. ఇదే జతను తిరగేసి, మేలి చారల పుంజును నల్ల పెట్ట మీద వేస్తే పిల్లలన్నిటికీ నెత్తిన మచ్చే, అన్నిటికీ చారలే. లింగం తెలియదు. జాతులు అవే అయినా ఏది పుంజు, ఏది పెట్ట అన్న దాన్నిబట్టి ఫలితం తారుమారవుతుంది. చాలామంది తప్పటడుగు వేసేది ఇక్కడే.

వెండి, బంగారు ఛాయలూ ఇంతే. బంగారు ఛాయ ఉన్న రోడ్ ఐలండ్ రెడ్ పుంజును వెండి ఛాయ ఉన్న లైట్ ససెక్స్ పెట్టతో కలిపితే మగపిల్లలు లేత పసుపు నూగుతో, ఆడపిల్లలు ఎర్రటి గోధుమ నూగుతో పుడతాయి. గోధుమ రంగు గుడ్లు పెట్టే వాణిజ్య లేయర్ల హేచరీల్లో మగ, ఆడ పిల్లల్ని రంగు చూసి వేరు చేయడానికి ఈ సూత్రాన్నే వాడతారు. అయితే ఇది ఒక్క తరానికే. ఆ పిల్లలనే పెంచి వాటిలో వాటిని జత కడితే రెండు రంగులూ మగవాటిలోనూ ఆడవాటిలోనూ కలగాపులగంగా వస్తాయి.

బూడిద రంగు కోళ్లను ఇష్టపడేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. ఆండలూసియన్‌లో కనబడే నీలి బూడిద రంగు జతలో నిలకడగా ఉండదు. రెండు బూడిద కోళ్లకు పుట్టిన పిల్లల్లో పావు వంతు నల్లవి, సగం బూడిదవి, పావు వంతు చుక్కల తెల్లవి. అన్నీ బూడిదవే కావాలంటే నల్లదాన్ని చుక్కల తెల్లదానితో కలపాలి. ఈ పాళ్లు పెద్ద సంఖ్యలో పిల్లల్ని తీస్తేనే లెక్కకు దగ్గరగా వస్తాయి. ఒక్క గంపలో నాలుగు నల్లవే వచ్చినా సూత్రం తప్పినట్టు కాదు.

ఇక మన ఆసిల్. డేగ, కాకి, నెమలి, సేతు, పర్ల, పింగళ అంటూ కుక్కుట శాస్త్రం ఈకల్ని బట్టి పేర్లు పెట్టింది. గోదావరి జిల్లాల్లో ఈ పేర్లను బట్టే ధర పలుకుతుంది. ఈ పేర్లు ఎక్కువగా పుంజు రూపాన్ని చూసి పెట్టినవి. ఒకే జన్యు సంపద పుంజులో నల్ల రొమ్ము, ఎర్రటి వీపుగా, పెట్టలో గోధుమ పొట్టు రంగుగా కనబడొచ్చు. డేగ పుంజుకు అచ్చం అలాగే ఉండే పెట్ట కోసం సంతలన్నీ తిరగడం వృథా. ఆ పుంజు అక్కచెల్లెళ్లు ఎలా ఉన్నాయో చూసి అలాంటి పెట్టను ఎంచుకోవాలి. పందేలకు కోళ్లను దించడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం ప్రకారం నేరం. ఆసిల్‌ను మాంసానికీ జాతి రక్షణకూ పెంచడంలోనే రైతుకు నిలకడైన మేలుంది.

కడక్‌నాథ్ కొనేవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. మధ్యప్రదేశ్‌లోని ఝాబువా ప్రాంతానికి చెందిన ఈ కోడి మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. ఇందులో ఈక నలుపు వేరు, చర్మం నలుపు వేరు. రెండింటికీ వేర్వేరు జన్యువులు. బంగారు ఛాయ ఈకలున్న అసలైన కడక్‌నాథ్ ఉంటుంది. నిగనిగలాడే నల్ల ఈకలుండి చర్మం తెల్లగా ఉన్న నాటుకోడీ ఉంటుంది. కాబట్టి ఈకల్ని చూసి కాదు, నాలుక, తురాయి, కాళ్లు, రెక్క కింద చర్మం చూసి బేరమాడాలి. చర్మపు నలుపును అణిచే జన్యువు ఒకటి మళ్లీ ఆ జెడ్ మీదే ఉంది. లేత రంగు కాళ్లున్న చాలా కోళ్లలో అది ఉంటుంది. కడక్‌నాథ్ పుంజును అలాంటి పెట్ట మీద వేస్తే కూతుళ్లు నల్ల చర్మంతో వస్తాయి. కొడుకుల్లో నలుపు పలచబడుతుంది. జతను తిరగేసి, కడక్‌నాథ్ పెట్ట మీదకు లేత కాళ్ల మేలి పుంజును వదిలితే అన్ని పిల్లల్లోనూ నలుపు పలచబడుతుంది. సిల్కీ కోళ్లలో ఇదే తేడాను బేట్సన్, పన్నెట్ 1911లో ప్రకటించారు.

వనరాజా, గ్రామప్రియ కోళ్ల గుడ్లను పొదగేసి రంగురంగుల పిల్లలొచ్చాయని మురిసిపోవడం మంచిది కాదు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన సంకర రకాలివి. వీటి పిల్లల్లో రంగులతో పాటు గుడ్ల దిగుబడీ చెదిరిపోతుంది. ప్రతి విడతకూ కొత్త పిల్లల్ని తెచ్చుకోవడమే లాభం.

లెక్కలు తేలాలంటే తండ్రి ఎవరో కచ్చితంగా తెలియాలి. పుంజును మార్చినా పాత పుంజు వీర్యం పెట్ట కడుపులో రెండు వారాలు, ఒక్కోసారి మూడు వారాల దాకా పనిచేస్తూనే ఉంటుంది. కొత్త పుంజుతో వేరే దడిలో పెట్టాక మూడు వారాల పాటు వచ్చే గుడ్లను వంటకో అమ్మకానికో వాడుకోవాలి. ఆ తర్వాతి గుడ్ల మీద పెట్ట గుర్తు, తేదీ పెన్సిల్‌తో రాసి, వారం దాటకుండా పొదగేయాలి. పిల్లలు లేచిన రోజే నూగు రంగు, నెత్తి మచ్చ, కాళ్ల రంగు పుస్తకంలో ఎక్కించి కాలికి రంగు దారం కట్టాలి. కాలు లావయ్యే కొద్దీ దారం వదులు చేస్తుండాలి. కొక్కెర తెగులుకు 5 నుంచి 7 రోజుల వయసులో లసోటా చుక్కలు వేయించాలి. ఎనిమిదో వారంలో ఆర్2బి టీకా మరవకూడదు.

రెండు పెట్టలు రంగులో సమానమైతే ఎక్కువ గుడ్లు పెట్టి పిల్లల్ని బాగా సాకేదాన్నే తల్లిగా నిలుపుకోవాలి. సంక్రాంతి మర్నాడు పుంజును మార్చినా మూడు వారాల ఎడం, ఒక వారం గుడ్ల సేకరణ, 21 రోజుల పొదుగు కలుపుకుంటే పిల్లలు లేచేసరికి మార్చి మొదటి వారం వస్తుంది. ఇంకా ఆలస్యమైతే ఎండకు గుడ్లు చెడతాయి, లేచిన పిల్లలూ వడదెబ్బకు రాలిపోతాయి. అందుకని పుంజుల్ని విడదీసి దడులు కట్టే పని రైతులు సంక్రాంతి వారంలోనే ముగించుకోవాలి.