ముత్తాత పతకం: ఒక పరిశీలన

మన పల్నాటి ఇళ్ళల్లో పాత ట్రంకుపెట్టె తెరిస్తే పొలం దస్తావేజుల కింద ఎక్కడో ఒక సైనిక పతకం బయటపడటం కద్దు. మా ఇంట్లో ఉన్నది మా ముత్తాతది. ఆయన బర్మా యుద్ధంలో పోరాడి, రాజుగారిచ్చిన వెండిబిళ్ళ తెచ్చాడని మావాళ్ళు ఇప్పటికీ చెబుతారు. ఆ మాటలో ఎంతవరకు పతకమే సాక్ష్యమివ్వగలదో చూడాలనుకున్నాను.

ముందు లోహం సంగతి. వెండి సాంద్రత 10.5. పతకానికి దారం కట్టి గాలిలో ఒకసారి, నీటిలో ఒకసారి తూచాను. అందరం చేసిన ఆర్కిమెడీస్ ప్రయోగమే. సుమారు 8.9 వచ్చింది. కనుక ఇది వెండి కాదు, రాగి, నికెల్ కలిసిన కుప్రోనికెల్. పూర్వపు అణాబిళ్ళలు చేసింది కూడా ఈ రకం లోహంతోనే. (మెరుస్తుంది గదా అని చింతపండు పెట్టి తోమకండి, ఉన్న అక్షరాలు కాస్తా అరిగిపోతాయి.)

ఒకవైపు కిరీటంతో ఆరవ జార్జి తల. రెండోవైపు దేశ విభజనకు ముందటి భారతదేశ పటం, పైన ఇండియా అనీ, కింద 1939-45 అనీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఇది ఇండియా సర్వీస్ మెడల్. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో భారత సైన్యాల్లో ఉండి, మన దేశంలోనే మూడేళ్ళు పనిచేసిన వారికిచ్చినది. బర్మా రంగంలో పనిచేసిన వారికిచ్చిన బర్మా స్టార్ వేరు. అది ఆరు కోణాల నక్షత్రం, పసుపుపచ్చని లోహం. అది మా ఇంట్లో లేదు.

అయితే బర్మా కథ అబద్ధమా? అలా అనటానికి వీల్లేదు. రెండు పతకాలూ ఒకే మనిషికి రావచ్చు. నక్షత్రాన్ని ఇత్తడి అనుకుని ఎవరో పాతసామాన్లవాడికి వేసి ఉండవచ్చు. అలాగని చేతిలో ఉన్న పతకం బర్మా వెళ్ళాడని మాత్రం చెప్పదు.

ఈ మాట అంటే మా నాయనమ్మకు కోపం వచ్చింది. "అయితే మా మామ ఊరికే కూర్చుని తినొచ్చాడంటావుట్రా?" అంది. కూర్చుని తినే కాలం కాదది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను బాంబులు పడ్డాయి. ఆ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షలకు పెరిగింది. అంత సైన్యానికి తిండి, మందుగుండు అందాలంటే డిపోలు, రైళ్ళు, ఆస్పత్రులు ఇక్కడే నడవాలి. ఆ మాట చెప్పాక కొంచెం శాంతించింది గాని, బర్మాను మాత్రం వదలలేదు.

ఇక మిగిలింది అంచు. మొదటి ప్రపంచ యుద్ధపు వెండి పతకాల అంచున సైనికుడి నంబరు, పేరు, దళం ఉంటాయి. మాదాని అంచు భూతద్దం పెట్టి చూసినా నున్నగానే ఉంది. అందుచేత కాయితాలే దిక్కు. డిశ్చార్జి సర్టిఫికెట్టు మీద నంబరు దొరికితే ఆ రెజిమెంటు రికార్డు ఆఫీసుకు రాయవచ్చు. మద్రాసు రెజిమెంటుకు కేంద్రం నీలగిరుల్లోని వెల్లింగ్టన్, మద్రాసు సాపర్లకు బెంగుళూరు. మా కాయితంలో దళం పేరున్న చోటు చెదలు తినేసింది. నంబరులో చివరి నాలుగంకెలు మిగిలాయి. వాటికి ఇంటిపేరు, ఊరు, గురజాల తాలూకా అని జతచేసి రెండుచోట్లకూ ఉత్తరాలు వేశాను.