మంచుకొండల్లో కొలువు: సంతకం పెట్టే ముందు విశాఖ యువత తెలుసుకోవాల్సినవి

విశాఖలో డిఫెన్స్ ఉద్యోగం అనగానే చాలామందికి మొదట గుర్తొచ్చేది నేవల్ డాక్‌యార్డ్. తూర్పు నౌకాదళ కమాండ్ కేంద్రం మన ఊళ్లోనే ఉంది. సింధియా, మల్కాపురం, గాజువాక ప్రాంతాల్లో ఎన్నో కుటుంబాలు క్యారేజీ పట్టుకుని షిఫ్టుకు వెళ్లొచ్చే ఆ కొలువు మీదే పిల్లల్ని చదివించుకున్నాయి. దాని మీద గౌరవం ఉండటం సహజం. కానీ ఇవాళ తెల్లవారకముందే బీచ్ రోడ్డులో పరుగు తీస్తున్న కుర్రాళ్లను అడిగి చూడండి. ఎక్కువమంది చెప్పే పేర్లు అగ్నివీర్, ఎస్సెస్సీ జీడీ కానిస్టేబుల్. ఐటీఐ చదివినవాళ్లయితే బోర్డర్ రోడ్స్ అంటారు. ఈ ఉద్యోగాల్లో చేరినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు లద్దాఖ్, సియాచిన్, అరుణాచల్ వైపు పోస్టింగు చూసే అవకాశం బాగా ఉంది. కోచింగ్ సెంటర్లో పరుగూ లెక్కలూ నేర్పుతారు. ఆ ఎత్తుల్లో బతకడం ఎలా ఉంటుందో, అక్కడ మనుషుల్ని నిలబెట్టడం సైన్యానికి ఎందుకంత కష్టమో చెప్పేవాళ్లు తక్కువ. అది తెలిస్తే మీకు ఏ దారి సరిపోతుందో మీరే తేల్చుకోగలరు.

చలి చూడ్డానికి లంబసింగి వెళ్లే జనం మనం. సియాచిన్‌లో ఉష్ణోగ్రత మైనస్ 50 డిగ్రీల దాకా పడిపోతుంది. 1984 ఏప్రిల్ 13న ఆపరేషన్ మేఘదూత్ మొదలైన నాటి నుంచి, సుమారు 76 కిలోమీటర్ల పొడవున్న ఆ హిమనదం మీద మన సైన్యం ఏడాది పొడవునా కాపలా కాస్తోంది. కొన్ని పోస్టులు 20,000 అడుగులు దాటిన ఎత్తులో ఉన్నాయి. 18,000 అడుగుల దగ్గరే ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే సగానికి పడిపోతుంది. ఆకలి మందగిస్తుంది, నిద్ర సరిగ్గా పట్టదు. తాగే నీటి కోసం మంచు కరిగించుకోవాలి.

అక్కడికి ఎవరినీ నేరుగా తీసుకెళ్లి నిలబెట్టలేరు. 9,000 నుంచి 12,000 అడుగుల మధ్య ఆరు రోజులు, ఆపైన 15,000 అడుగుల వరకు నాలుగు రోజులు, అంతకు మించితే ఇంకో నాలుగు రోజులు ఆగి శరీరాన్ని అలవాటు చేయాలి. మైదానం నుంచి వచ్చినవాళ్లందరికీ ఇదే క్రమం. సెలవు మీద ఇంటికొచ్చి కొన్ని వారాలుండి తిరిగి వెళ్తే మళ్లీ ఆగి అలవాటు పడాల్సిందే. ఇప్పుడు లెక్క వేసుకోండి. ఒక పోస్టులో పదిమంది కాపలా ఉండాలంటే పదిమందిని కేటాయిస్తే చాలదు. సెలవులో ఉన్నవాళ్లు, కింద శిబిరంలో ఎత్తుకు అలవాటు పడుతున్నవాళ్లు, శిక్షణలో ఉన్నవాళ్లు, ఆస్పత్రిలో చేరినవాళ్లు పోగా పదిమంది మిగలాలి. పైగా సియాచిన్ పోస్టుల్లో ఒక దళాన్ని సాధారణంగా మూడు నెలలకు మించి ఉంచరు. కాబట్టి ఒక దళం దిగుతుంటే ఇంకొకటి ఎక్కడానికి సిద్ధంగా ఉండాలి. 2020లో చైనాతో గల్వాన్ ఘర్షణ తర్వాత తూర్పు లద్దాఖ్‌లో వేలాది మందిని చలికాలమంతా ఉంచాల్సి రావడంతో ఈ భారం ఎన్నో రెట్లు పెరిగింది. వాళ్లకు వేడి నిలిచే గదులు కట్టాలి. దారులు మంచుతో మూసుకుపోకముందే తిండి, కిరోసిన్, మందులు పైకి చేర్చాలి.

మిగతా దేశాలదీ ఇదే బాధ. ఉత్తర ధ్రువానికి 817 కిలోమీటర్ల దూరంలో ఉన్న కెనడా సైనిక కేంద్రం అలర్ట్‌లో సిబ్బందిని ఆరు నెలలకోసారి మారుస్తారు. గ్రీన్‌లాండ్‌లోని అమెరికా స్థావరం పిటుఫిక్‌కు వెళ్లేవాళ్లు కుటుంబాన్ని వెంట తీసుకెళ్లలేరు. ఏ సైన్యమైనా చివరికి తక్కువ కాలం ఉంచడం, ఎక్కువ భత్యం ఇవ్వడం అనే దారే పట్టింది.

ఇక్కడ విశాఖ యువతకు నేను గట్టిగా చెప్పదలచినది ఒకటుంది. ఆ కొండల్లో తుపాకీ పట్టేవాడితో సమానంగా కావాల్సింది చేతిపని తెలిసినవాడు. చలికి డీజిల్ గడ్డకడుతుంది. ఇండియన్ ఆయిల్ 2019లో లద్దాఖ్ కోసం మైనస్ 33 డిగ్రీలను తట్టుకునే డీజిల్‌ను ప్రత్యేకంగా తెచ్చింది. బ్యాటరీలు నీరసిస్తాయి. గాలి పలచబడటంతో ఇంజిన్ల శక్తి తగ్గుతుంది. జనరేటర్ ఆగిపోతే శిబిరంలో వెలుగూ ఉండదు, వైర్‌లెస్ సెట్టూ పలకదు. కాంక్రీటు గట్టిపడాలంటే చలి నుంచి కాపాడాలి. వెల్డింగ్ కూడా లోహాన్ని వేడి చేసుకుంటూ జాగ్రత్తగా చేయాలి. క్రేన్లు, డీజిల్ ఇంజిన్లు, భారీ యంత్రాలు, వెల్డింగ్... ఇవన్నీ పోర్టులో, షిప్‌యార్డులో, స్టీల్ ప్లాంటు చుట్టుపక్కల వర్క్‌షాపుల్లో మన పిల్లలు చూస్తూ పెరిగే పనులు. కంచరపాలెం ఐటీఐలోనో పాలిటెక్నిక్‌లోనో చదువుతున్న కుర్రాడు తన సర్టిఫికెట్‌ను ఊళ్లో ఉద్యోగానికి మాత్రమే పనికొచ్చే కాగితంగా చూడకూడదు.

ఆ చేతిపనికి సూటిగా సరిపోయే సంస్థ బోర్డర్ రోడ్స్ ఆర్గనైజేషన్. 1960 మే 7న పుట్టింది. దాని సిబ్బంది దళాన్ని గ్రెఫ్ అంటారు. లద్దాఖ్‌లో 19,024 అడుగుల ఎత్తున ఉమ్లింగ్ లా మీదుగా రోడ్డు వేసింది, దర్బుక్ నుంచి దౌలత్ బేగ్ ఓల్డీ దాకా 255 కిలోమీటర్ల దారి వేసింది వీళ్లే. వెహికల్ మెకానిక్, డ్రైవర్, ఎక్స్‌కవేటర్ లాంటి యంత్రాల ఆపరేటర్, మేస్త్రీ, కుక్ వంటి పోస్టులు పడుతుంటాయి. నియామకం చూసేది పుణెలోని గ్రెఫ్ సెంటర్. డ్రైవర్, ఆపరేటర్ పోస్టులకు హెవీ లైసెన్సు కావాలి కాబట్టి, నోటిఫికేషన్ వచ్చాక వెతుక్కోకుండా ముందే తీసుకోండి. డిప్లొమా, బీటెక్ వాళ్లు ఎస్సెస్సీ జేఈ పరీక్ష రాస్తే బోర్డర్ రోడ్స్‌లోనూ, సైనిక స్థావరాల భవనాలు, విద్యుత్తు, నీరు చూసే మిలటరీ ఇంజినీర్ సర్వీసెస్‌లోనూ జూనియర్ ఇంజినీర్ కావచ్చు. ఆపై స్థాయికి యూపీఎస్సీ ఇంజినీరింగ్ సర్వీసెస్ పరీక్ష ఉంది. ప్రైవేటు దారీ ఉంది. శ్రీనగర్, లేహ్ మధ్య ఏడాది పొడవునా రాకపోకలు సాగించాలని తవ్వుతున్న జోజిలా సొరంగం పని చేస్తున్నది హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజినీరింగ్.

కాపలా ఉద్యోగమే కావాలంటే అగ్నివీర్‌కూ, ఎస్సెస్సీ జీడీ పరీక్షతో చేరే ఐటీబీపీ (ఇండో-టిబెటన్ బోర్డర్ పోలీస్)కీ తేడా తెలుసుకోండి. 2022 జూన్‌లో ప్రకటించిన అగ్నిపథ్‌లో నాలుగేళ్ల కాలం. మొదటి ఏడాది నెలకు 30,000 రూపాయలతో మొదలై నాలుగో ఏట 40,000కు చేరుతుంది. అందులో 30 శాతం సేవానిధికి పోతుంది. అంతే మొత్తాన్ని ప్రభుత్వం కలిపి చివర్లో సుమారు 10 లక్షలు, దానిపై వడ్డీ ఇస్తుంది. పింఛన్, గ్రాట్యుటీ ఉండవు. బ్యాచ్‌లో 25 శాతం మందికి మించి శాశ్వత సైనికులుగా తీసుకోరు. ఏడాదికి సెలవు 30 రోజులు. లేహ్ వైపు నుంచి విశాఖ చేరడానికే ఎన్ని రోజులు పోతాయో ఊహించండి. ఇంటి అప్పు తీర్చాలనో, చెల్లెలి పెళ్లి చేయాలనో ఈ నాలుగేళ్ల జీతం మీద లెక్క వేసుకునేవాళ్లు అయిదో ఏడాది సంగతి కూడా ఇప్పుడే రాసుకోవాలి.

చైనా సరిహద్దున 3,488 కిలోమీటర్లు కాసే ఐటీబీపీలో కానిస్టేబుల్ ఉద్యోగం అలా కాదు. అది శాశ్వతం. 1962 అక్టోబర్ 24న ఏర్పడిన ఈ బలగం పోస్టులు 18,000 అడుగులకు పైన కూడా ఉన్నాయి. అర్హత పదో తరగతి. పరీక్ష ఎస్సెస్సీ నిర్వహిస్తుంది. 2024 నుంచి తెలుగులోనూ రాయొచ్చు. శ్రీకాకుళం, మన్యం ప్రాంతాల పిల్లలకు ఇది నిజంగా పెద్ద మేలు. ఐటీబీపీకి మగపిల్లలకు పరుగు 24 నిమిషాల్లో 5 కిలోమీటర్లు, ఆర్మీ ర్యాలీలో 1.6 కిలోమీటర్లు. రెండింటికీ సాధన వేరువేరుగా ఉండాలి. ఒకదానికి తయారై రెండోదానికి వెళ్లి తప్పినవాళ్లు ఏటా కనిపిస్తారు.

కష్టానికి తగ్గ భత్యం ఉంది. ఏడో వేతన సంఘం తర్వాత సియాచిన్ భత్యం జవాన్లకు నెలకు 14,000 నుంచి 30,000 రూపాయలకు, అధికారులకు 21,000 నుంచి 42,500కు పెరిగింది. అయితే అది అక్కడున్నన్నాళ్లే వస్తుంది. దాన్ని నమ్ముకుని వాయిదాలు పెట్టుకోవద్దు.

ఆడపిల్లలకు ఈ దారి మూసి ఉందనుకోకండి. 2023 జనవరిలో కెప్టెన్ శివా చౌహాన్ సియాచిన్‌లోని కుమార్ పోస్టులో విధుల్లో చేరారు. అదే ఏడాది డిసెంబరులో కెప్టెన్ ఫాతిమా వసీమ్ సియాచిన్‌లో ఆపరేషనల్ పోస్టుకు వెళ్లిన తొలి మహిళా వైద్యాధికారి అయ్యారు. బైపీసీ చదివేవాళ్లు నీట్ ర్యాంకుతో పుణె సాయుధ దళాల వైద్య కళాశాలకు గానీ మిలటరీ నర్సింగ్‌కు గానీ ప్రయత్నించవచ్చు. ఎన్‌డీఏ పరీక్ష ఇప్పుడు అమ్మాయిలూ రాస్తున్నారు. గ్రెఫ్ సెంటర్ భర్తీ చేసే పోస్టులు మాత్రం మగవాళ్లకే.

ప్రాణాపాయం గురించి ఇంట్లో దాచవద్దు. 2016 ఫిబ్రవరి 3న సియాచిన్ సోనమ్ పోస్టు మీద మంచు విరిగిపడి మద్రాస్ రెజిమెంట్ 19వ బెటాలియన్ జవాన్లు పదిమంది కూరుకుపోయారు. ఆ పదిమందిలో కర్నూలు జిల్లాకు చెందిన ముస్తాక్ అహ్మద్ ఒకరు. ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో దొరికిన కర్ణాటక జవాను హనుమంతప్ప కూడా ఆ తర్వాత ఆస్పత్రిలో కన్నుమూశారు. 2020 జూన్ 15న గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట కల్నల్ సంతోష్ బాబు చదివింది మన విజయనగరం పక్కనున్న కోరుకొండ సైనిక్ స్కూల్లోనే. అగ్నివీర్‌గా చేరిన శ్రీసత్యసాయి జిల్లా కల్లితండా యువకుడు మురళీ నాయక్ 2025 మే నెలలో జమ్మూకశ్మీర్ నియంత్రణ రేఖ దగ్గర ప్రాణమిచ్చారు. అమ్మానాన్నలకు ఈ విషయాలన్నీ తెలిసే ఆశీర్వదించాలి. ఏ కాగితంలో నామినీగా ఎవరి పేరు రాస్తున్నారో, బీమా ఎంతో వాళ్లకు చెప్పండి.

ఆరోగ్యం విషయంలో ఒక అపోహ చాలా ప్రమాదకరం. బాగా పరుగెత్తేవాడికి ఎత్తు ఏమీ చేయదని అనుకుంటారు. శరీర దారుఢ్యం పర్వత వ్యాధిని ఆపదు. పైగా బలం ఉందన్న ధీమాతో మొదటి రోజుల్లోనే బరువులు మోసినవాడికి ఊపిరితిత్తుల్లో నీరు చేరే ముప్పు ఎక్కువ. తలనొప్పి, వాంతులు, పడుకున్నా తీరని ఆయాసం కనిపిస్తే వెంటనే నర్సింగ్ అసిస్టెంటుకు చెప్పాలి. పిరికివాడంటారేమోనని దాస్తే ఒక్క రాత్రిలో ప్రాణం మీదికి వస్తుంది. సిగరెట్ అలవాటుంటే ఇప్పుడే మానండి, అది చేతివేళ్లకు రక్తం సరిగా అందనివ్వదు, చలికాటు ముప్పు పెంచుతుంది.

హిందీ నేర్చుకోండి. పరీక్ష తెలుగులో రాసినా ఆజ్ఞలు, వైర్‌లెస్ సెట్లో మాటలు, డాక్టరుకు చెప్పే నొప్పి అన్నీ హిందీలోనే నడుస్తాయి. మాట రానివాడు నెలల తరబడి ఒకే బంకరులో నలుగురి మధ్య ఉండి కూడా ఒంటరైపోతాడు. చలికన్నా ఆ ఒంటరితనమే మనిషిని ఎక్కువ కుంగదీస్తుందని నా నమ్మకం. రోజుకో అరగంట హిందీ వార్తలు విని, స్నేహితుడితో మాట్లాడటం సాధన చేస్తే శిక్షణ కేంద్రానికి వెళ్లేనాటికి నోరు తిరుగుతుంది.

దరఖాస్తు పెట్టే ముందు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఒకసారి వెళ్లండి. పింఛన్ పనుల మీద వచ్చే మాజీ సైనికుల్లో లద్దాఖ్ చూసినవాళ్లు ఉంటారు. ఇంటికి ఎన్నాళ్లకోసారి ఫోను చేయగలిగారు, సెలవు అడిగినప్పుడు దొరికిందా, భార్యాపిల్లలు ఎక్కడున్నారు, రిటైరయ్యాక ఏ పని దొరికింది అని అడగండి. వీలైతే నాన్ననో అమ్మనో వెంట తీసుకెళ్లండి, వాళ్ల ప్రశ్నలు వాళ్లూ అడుగుతారు.