ట్యూమర్ మార్కర్ పెరిగితే క్యాన్సరేనా?

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. ఇద్దరు పిల్లలు. ఆఫీసులో అందరూ చేయించుకుంటుంటే నేనూ ఫుల్ బాడీ చెకప్ ప్యాకేజీ తీసుకున్నాను. అందులో సీఏ-125 అనేది 62 వచ్చింది. 35 లోపు ఉండాలట. నెట్‌లో వెతికితే అండాశయ క్యాన్సర్ అని ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. రక్తం ఇచ్చింది నెలసరి రెండో రోజున. దానివల్ల తేడా ఏమైనా వస్తుందా?
– ఓ సోదరి, గుంటూరు

జవాబు: ముందు ఈ సంగతి ఇవాళే మీవారికో, అమ్మకో చెప్పండమ్మా. ఇంత దిగులు ఒక్కరే మోయక్కర్లేదు. 62 అనే అంకె ఒక్కదాన్ని చూసి క్యాన్సర్ అని ఏ డాక్టరూ తేల్చరు.

మీరు చివర్లో రాసిన నెలసరి మాటే ఇక్కడ అసలైనది. తేడా తప్పకుండా వస్తుంది. సీఏ-125 ఒక్క అండాశయాల నుంచే రాదు. గర్భసంచి లోపలి పొర, పొట్టలోని అవయవాలను కప్పి ఉండే పొర కూడా దాన్ని తయారుచేస్తాయి. అక్కడ ఏ వాపు వచ్చినా రక్తంలో అది పెరుగుతుంది. నెలసరిలో, గర్భం తొలి నెలల్లో పెరుగుతుంది. ఫైబ్రాయిడ్లు, ఎండోమెట్రియోసిస్, లివర్ దెబ్బతిని పొట్టలో నీరు చేరడం వల్లా పెరుగుతుంది. మన దేశంలో పొట్ట టీబీని అసలు మరవకూడదు. అందులో ఈ అంకె వందల్లోకి వెళ్తుంది, పొట్టలో నీరు చేరుతుంది, స్కానింగ్‌లో అచ్చం క్యాన్సర్‌లాగే కనిపిస్తుంది. చిన్న ముక్క తీసి పరీక్షిస్తే టీబీ అని బయటపడుతుంది, మందులతో నయమవుతుంది.

ఇక రెండో వైపు చూడండి. తొలి దశ అండాశయ క్యాన్సర్ ఉన్నవారిలో దాదాపు సగం మందికి సీఏ-125 నార్మల్‌గానే ఉంటుంది. బ్రిటన్‌లో నెలసరి ఆగిన రెండు లక్షల మందికి పైగా స్త్రీలతో పెద్ద అధ్యయనం జరిగింది. ఏటా ఈ పరీక్ష చేయించుకున్నవారిలోనూ ఆ క్యాన్సర్ మరణాలు తగ్గలేదని 2021లో తేలింది. ఏ లక్షణమూ లేనివారికి దీన్ని ప్యాకేజీలో కలిపి అమ్మడం తప్పు. మీలాంటివాళ్లకు నిద్ర లేకుండా చేయడం తప్ప అది చేసేదేమీ లేదు.

గైనకాలజిస్టును కలిసి ట్రాన్స్‌వెజైనల్ స్కానింగ్ చేయించుకోండి. నాలుగు నుంచి ఆరు వారాలయ్యాక, నెలసరి లేని రోజుల్లో, అదే ల్యాబ్‌లో మళ్లీ రక్తం ఇవ్వండి. అమ్మ, అక్కచెల్లెళ్లు, పెద్దమ్మ, పిన్ని, మేనత్తల్లో ఎవరికైనా రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ వచ్చి ఉంటే డాక్టరుకు తప్పకుండా చెప్పండి. పొట్ట ఉబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, మాటిమాటికీ మూత్రం రావడం వారాల తరబడి ఉంటే మాత్రం అంకె ఎంతున్నా ఆగకూడదు.

ప్రశ్న: నాన్నగారికి ఏడాదిన్నర కిందట పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయింది. సీఈఏ 2.1 ఉండేది. మూడు నెలల కిందట 4.6, ఇప్పుడు 9.8. మనిషి హుషారుగానే ఉన్నారు. ఈ మార్కర్లను పట్టించుకోవద్దని కొందరంటున్నారు. వదిలేయొచ్చా?
– ఓ పాఠకుడు, వరంగల్

జవాబు: వద్దు బాబూ, ఈ వారమే ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. 1965లో మాంట్రియల్‌లో ఫిల్ గోల్డ్, శామ్యూల్ ఫ్రీడ్‌మన్ కనిపెట్టిన ఈ సీఈఏ జబ్బును కొత్తగా పట్టడానికి పనికిరాదు. పొగ తాగేవారిలోనూ కాస్త ఎక్కువుంటుంది. కానీ ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెడుతోందేమో కనిపెట్టడానికి చాలా అక్కరకొస్తుంది. ఒక్కసారి వచ్చిన అంకె కన్నా, వరసగా రెట్టింపవుతూ పోవడమే ఇక్కడ భయపెట్టే విషయం. మళ్లీ రక్తపరీక్ష, ఛాతీకి, పొట్టకు సీటీ స్కాన్, అవసరమైతే కొలనోస్కోపీ చేస్తారు. లివర్‌లో ఒకటి రెండు మచ్చలే ఉన్నప్పుడు దొరికితే ఆపరేషన్‌తో తీసేయొచ్చు. అలా పూర్తిగా నయమైనవారూ ఉన్నారు. హుషారుగా ఉన్నారు కదా అని ఆగితే ఆ అవకాశం చేజారిపోవచ్చు.

ప్రశ్న: నా వయసు 66. ప్రోస్టేట్ వాపుకు ఏడాదిగా ఫినాస్టెరైడ్ వాడుతున్నాను. పీఎస్ఏ 3 వచ్చింది. 4 లోపే కాబట్టి నిశ్చింతగా ఉండొచ్చా?
– ఓ రిటైర్డ్ టీచర్, రాజమండ్రి

జవాబు: మాస్టారూ, ఆ మాత్ర పీఎస్ఏని దాదాపు సగానికి తగ్గిస్తుంది. మీ 3ను 6గా లెక్కగట్టాలి. యూరాలజిస్టుకు రిపోర్టుతో పాటు ఆ మాత్రల చీటీ కూడా చూపించండి.