కృష్ణా డెల్టా: పైనుంచి మురుగు, కిందినుంచి ఉప్పు

గుంటూరు–తెనాలి దారిలో వడ్లమూడి దాటాక కనిపించే పచ్చదనమంతా కృష్ణమ్మ చలవే. నది మహారాష్ట్రలో పుట్టి కర్ణాటక, తెలంగాణల మీదుగా వస్తుంది. రాష్ట్రాల మధ్య నది నీటి పంపకానికి 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 టీఎంసీలు కేటాయించింది. అందులో కృష్ణా డెల్టా వాటా 181.2. గొడవంతా నీటి పరిమాణం మీదే. నాణ్యతను పట్టించుకున్నది తక్కువ.

హైదరాబాద్ మురుగును మోసే మూసీ వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఈ కాలుష్యానికి మందు 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం, దాని కింద వచ్చిన రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండళ్లు, హైదరాబాద్‌లోని మురుగుశుద్ధి కేంద్రాలు.

ఉప్పు కథ వేరు. మంచినీటి ప్రవాహం తగ్గితే సముద్రపు పోటు నదిలోకి ఎగబాకుతుంది. రేపల్లె తీరంలో భూగర్భజలాలను అతిగా తోడితే ఉప్పునీరు అడుగునుంచీ చొరబడుతుంది. ప్రకాశం బ్యారేజీ (1957) దిగువన చోడవరం, బండికొల్లంక వద్ద బ్యారేజీల ప్రతిపాదన అందుకే.